ఏటిని ఊడ్చిన రోజులు

ఒక ఏరు చట్టం కాపాడదగినదా కాదా అని తేల్చే పని నా దాకా వచ్చినప్పుడు నేను సంబరపడ్డాను. స్వీట్ డబ్బా కొని స్టాఫ్‌రూమ్‌లో పంచాను కూడా. ఇప్పుడు ఆ సంబరం తలుచుకుంటే నా మీద నాకే మంట పుడుతుంది.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఏటా పిల్లలను ధర్మసాగర్ రిజర్వాయర్ గట్టు మీదికి తీసుకెళ్లి, నాలుగు కొంగలను చూపించి, గ్రూప్ ఫొటో దిగి, పులిహోర తిని రావడాన్ని మా సిలబస్‌లో క్షేత్ర పర్యటన అంటారు. ఆ కొంగలతో తృప్తి లేక, సెలవు దొరికినప్పుడల్లా నేనొక్కదాన్నే ఏటూరునాగారం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఒక ఏటి దగ్గరికి పోయేదాన్ని. అట్లా పన్నెండేళ్లు పోయాను. దాని పేరు రాయను. పేరు రాసినందువల్ల దానికి ఇప్పటిదాకా జరిగిన మేలేమీ లేదు. అడవిలో పుట్టి, అభయారణ్యం హద్దు దాటి, గోదావరిలో కలిసే ముందు రెండు చోట్ల మడుగు కట్టి నిలబడే ఏరు అది. కింది మడుగు ఊరికి ఆనుకునే ఉంటుంది. ఎగువన ఉన్న మీది మడుగుకు అరగంట నడవాలి.

ఆ ఏటిని నాకు చూపించింది ఆ ఊళ్లో చేపలు పట్టి బతికే ఒక ముసలాయన. నేను కాకా అని పిలుస్తాను. నలుగురిలో ఉన్నప్పుడు ఆయన నన్ను మేడం అంటాడు, ఇద్దరమే ఉంటే బిడ్డా అంటాడు. నీటికుక్కలు తన వల చింపిన రోజు వాటి వంశాన్నంతా తిట్టేవాడు. అవే నాలుగు రోజులు కనిపించకపోతే దిగులుపడి నాకు ఫోన్ చేసేవాడు.

కింది మడుగులో ఎప్పుడో వరదకు కూలిన ఏరుమద్ది మొద్దులు ఉండేవి. వాటి మీద తాబేళ్లు వరసగా ఎక్కి ఎండ కాగేవి. ఒడ్డున జమ్ముగడ్డి, జమ్ములో నీటికోళ్ల గూళ్లు. మడుగు మధ్యలో ఒక ఇసుక దిబ్బ. ఎండలు మొదలయ్యే రోజుల్లో చిన్న పిట్టలు దాని మీద ఊరికే ఒక గుంట చేసి గుడ్లు పెట్టేవి. ఇసుక రంగులోనే ఉంటాయి కాబట్టి కాలు వేయబోయేదాకా కనపడవు. ఒడ్డు మీది మద్దిచెట్టు వేళ్ల సందులో నీటికుక్కల బొరియ, దాని పక్కన ఒక చదునైన బండ. అవి రోజూ వచ్చి ఆ బండ మీదే పెంట పెట్టేవి. చేప పొలుసులతో నిండిన ఆ పెంట కంపు దూరం నుంచే కొడుతుంది. మా శాస్త్రంలో దానికి ఉన్న విలువ బంగారానికి కూడా లేదు. నీటికుక్క కంటపడకపోయినా అది దొరికితే చాలు, అక్కడ నీటికుక్కలు ఉన్నట్టే లెక్క.

ఇవన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నాను. వ్యాసం చేసి పత్రికకు పంపాలని ప్రతి సెలవుల్లోనూ అనుకున్నాను. పేపర్లు దిద్దడం, ఇన్విజిలేషన్, ఇంట్లో పెళ్లిళ్లు, ఏదో ఒకటి అడ్డం వచ్చింది, లేదా అడ్డం రానిచ్చాను. తీసిన ఫొటోలు ఫోన్ మారినప్పుడల్లా కొన్ని పోయాయి.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. కాకా నాకు అన్నీ చూపించాడు, నేను కాకాకు ఏమీ చెప్పలేదు. మొద్దు ఉంది కాబట్టే తాబేలు ఉంది, జమ్ము ఉంది కాబట్టే నీటికోడి ఉంది అన్న ముక్క ఆయనకు నేను చెప్పాలా అనుకున్నాను. నిజమే, అది ఆయనకు నాకంటే ముందే తెలుసు. కానీ సర్కారు చూడవలసింది కూడా ఆ మొద్దునూ ఆ జమ్మునే అని ఆయనకెట్లా తెలుస్తుంది? మా ఇద్దరిలో సర్కారు చదువు చదివినదాన్ని నేను.

కింది మడుగు దగ్గర ఇసుక రీచ్ పెడతారన్న మాట ఊళ్లో మొదలైనప్పుడు కాకా బస్సెక్కి మా కాలేజీకి వచ్చాడు. స్టాఫ్‌రూమ్ బయట చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

“లారీలు దిగితె మడుగు ఉండది మేడం. మడుగు పోతె మేం ఏం తిని బతకాలె? మీరు సదువుకున్నోళ్లు, జర ఏదన్న కాయితం రాయుండ్రి.”

రాశాను. జీవవైవిధ్యం ఎక్కువగా ఉన్న చోటును ప్రత్యేకంగా ప్రకటించి కాపాడే వీలు చట్టంలో ఉంది. అట్లా ప్రకటిస్తే అక్కడ ఇసుక తవ్వడానికి ఉండదు. మడుగుల గురించి నాకు తెలిసిందంతా ఆరు పేజీలు రాసి సర్కారుకు పంపాను. అలాంటి కాగితాలు ఎక్కడ పోతాయో నాకు తెలుసు కాబట్టి ఆశ పెట్టుకోలేదు. కానీ ఆ కాగితం కదిలింది. హైదరాబాద్ నుంచి ఒక శాస్త్రవేత్త పెద్దగా, ఇద్దరు నిపుణులు తోడుగా ఒక బృందం వేశారు. స్థానిక సభ్యురాలిగా నా పేరు పెట్టారు. స్వీట్లు పంచింది అప్పుడే.

బృందం వచ్చేముందు పంచాయతీకి తెలపాలన్నది నిబంధన. ఆ ఉత్తరం నేనే రాశాను. ఫలానా రోజు నిపుణుల బృందం కింది మడుగు పరిశీలనకు వస్తున్నది, తగిన సహకారం అందించగలరు అని మూడు వాక్యాలు. పది రోజులు ముందుగా పంపాను. నా బాధ్యత ఎంత చక్కగా నెరవేర్చానో అని మురిసిపోయాను కూడా.

మార్చిలో ఒక పొద్దున జీపు ఊళ్లోకి మలుపు తిరగగానే నాకు తేడా తెలిసింది. దారి పొడవునా ముగ్గుపిండితో గీతలు గీసి ఉన్నాయి. ఏటి ఒడ్డున టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, బిస్లరీ సీసాలు. కొత్త తువ్వాల భుజాన వేసుకుని కాకా ఎదురొచ్చాడు. ఆయన వెనక పంచాయతీ సెక్రటరీ, ఆయన వెనక ఊరు.

మడుగు మెరిసిపోతోంది. మొద్దు ఒక్కటి లేదు. ట్రాక్టర్లకు తాళ్లు కట్టి అన్నింటినీ గుంజి ఒడ్డు అవతల కుప్ప వేశారు. జమ్ము మొదళ్లదాకా కోసి కాల్చేశారు, బూడిద ఇంకా నల్లగా కనిపిస్తోంది. ఇసుక దిబ్బను పారలతో చదును చేసి, దాని మీద రంగు జెండాలు పాతారు. మద్దిచెట్టు వేళ్ల సందులను మట్టితో పూడ్చారు, ఎవరి కాలూ ఇరుక్కోకుండా. నీటికుక్కల బండను సర్ఫ్ వేసి కడిగి, దాని మీద జంపఖానా పరిచారు. అది కొత్తవాడ నేత, చూడగానే తెలిసింది. మగ్గం మీద మా నాయన నేసే అంచులాంటి అంచు.

“పెద్ద సార్లు కూసునేతందుకు,” అన్నాడు కాకా. ఆయన మొహం వెలిగిపోతోంది. “వారం దినాల సంది ఊరంత ఈన్నే ఉన్నది మేడం. ఆడోళ్లు, మొగోళ్లు, ముసలోళ్లు. నీళ్లల్ల పుల్ల గూడ లేకుంట సాఫ్ చేసినం. ఎట్లున్నది?”

ఆ క్షణంలో ఆయన మీద పట్టరాని కోపం వచ్చిన మాట నిజం. ఇంత తెలిసిన మనిషి ఇంత పని ఎట్లా చేశాడని అరవబోయాను. కానీ అరవడానికి నాకేం మొహం ఉంది? సర్కారు మనిషి వస్తున్నాడంటే ఊడ్చి పెట్టడం మాకందరికీ తెలిసిన ఒకే ఒక్క మర్యాద. చేనేత సొసైటీ నుంచి ఆఫీసరు వస్తున్నాడంటే మా నాయన మగ్గం ఆపేసేవాడు. మగ్గం గుంటలో పేరుకున్న నూలు దుమ్ము మేమే ఎత్తిపోసేవాళ్లం. అమ్మ వాకిలి అలికి, సగం నేసిన జంపఖానా మీద దుప్పటి కప్పేది. ఆఫీసరు వచ్చి ఆగిపోయిన మగ్గాన్ని, శుభ్రమైన వాకిలిని చూసి, నేత బాగుందని రాసుకుని పోయేవాడు. ఇప్పుడు మా కాలేజీకి తనిఖీ వస్తుందంటే ప్రిన్సిపాల్ గారు చేయించే మొదటి పని బొటానికల్ గార్డెన్‌లో గడ్డి పీకించడం. ఆ గడ్డి పీకే పిల్లల పక్కన నిలబడి, త్వరగా కానివ్వండని చెప్పేది నేనే.

బృందం పెద్దాయన మంచివాడే. అరవలేదు, వెక్కిరించలేదు. టోపీ సర్దుకుని, మడుగు చుట్టూ ఒకసారి తిరిగి, నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

“మేడం, మీరు ఆరు పేజీలు రాసింది ఈ చోటు గురించేనా?”

అవునన్నాను.

పొద్దంతా వెతికాం. నిపుణులు వలలు వేశారు, రాళ్లు తిరగేశారు, నీళ్లు సీసాల్లో పట్టారు. తాబేలు ఒక్కటి తల ఎత్తలేదు. పిట్టలు రెండు మాత్రం ఇసుక దిబ్బ మీద గిరగిరా తిరుగుతూ అరిచాయి. కింద గుడ్లు లేవు కాబట్టి గూడు కాలమ్‌లో సున్నా పడింది. ఫారంలో అన్నింటికీ గడులు ఉన్నాయి. సర్వే రోజు కంటితో చూసినవి, గుర్తులు దొరికినవి రాయాలి. పాత పరిశీలనలు అయితే అచ్చయి ఉండాలి, లేదా తేదీ, చోటు ఉన్న ఫొటో ఉండాలి. నా నోటుపుస్తకాలు తీసి చూపించాను. ఆయన రెండు పేజీలు శ్రద్ధగా చదివి, అందమైన చేతిరాత మేడం అని తిరిగి ఇచ్చాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం ఊరివాళ్లు నాటుకోడి కూర, కొర్రమీను పులుసు వండి పెట్టారు. కాకా నా పళ్లెంలో తనే వడ్డించాడు.

ఫారం చివర వ్యాఖ్యలు అని ఒక గడి ఉంది. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి దాని మీద వేలు పెట్టాడు.

“సర్వేకు ముందు స్థానికులు ఆవాసాన్ని తొలగించారు అని మీరు ఇక్కడ రాస్తే, మళ్లీ రావడానికి కారణం దొరుకుతుంది. కానీ ఒక మాట ముందే చెప్తున్నాను. బొరియ పూడ్చడం, గుడ్లున్న చోటు తవ్వడం నేరం. అది రాతలోకి వస్తే ఎవరు చేశారని అడుగుతారు. కేసవుతుంది.”

టెంటు కింద కాకా నిపుణులకు అరటిపండ్లు ఇస్తున్నాడు. ఎవరు చేశారని అడిగితే, పిలవకముందే చెయ్యెత్తే మనిషి. పైగా గర్వంగా ఎత్తుతాడు.

నేను ఆ గడిలో ఏమీ లేదు అని రాసి సంతకం పెట్టాను. కాకాను కాపాడానని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతా నిజం ఏమిటంటే, ఎవరు చేశారన్న ప్రశ్న తరువాత ఎవరి ఉత్తరం చూసి చేశారన్న ప్రశ్న వస్తుంది. పన్నెండేళ్లు తిరిగారు కదా, ఒక్క మాట చెప్పలేదా అని అడుగుతారు.

జీపు ఎక్కేముందు పెద్దాయనకు మీది మడుగు సంగతి చెప్పాను. అక్కడికి ఊరివాళ్లు పోలేదు, మొద్దులూ జమ్మూ బొరియలూ ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి, ఒక్క అరగంట నడవండి అని బతిమాలాను. పొద్దు వాలుతోందన్నాడు. కింది మడుగుకే అనుమతి ఉందన్నాడు. మీది మడుగుకు విడిగా అర్జీ పెట్టుకోండి, వచ్చే సీజన్‌లో నేనే వస్తానన్నాడు. ఆ మాట పట్టుకుని హనుమకొండ చేరి, మర్నాడే అర్జీ పెట్టాను.

నివేదిక వచ్చింది. ప్రత్యేక రక్షణకు తగిన ఆధారాలు లేవు అని అందులో ఒక్క వాక్యం. వానలు వెనక్కి తగ్గగానే కింది మడుగులో లారీలు దిగాయని పేపర్లో జిల్లా పేజీలో చదివాను.

కాకా ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఏం చెప్పాలి? మీ చేతులతో మీరే చెడగొట్టుకున్నారని చెప్పాలా? నేను నోరు మూసుకుని సంతకం పెట్టానని చెప్పాలా? క్లాసులో ఉన్నాననుకుంటాడులే అనుకున్నాను. మర్నాడు మళ్లీ చేశాడు. తరువాత వారానికి రెండుసార్లు, ఆ తరువాత పది రోజులకు ఒకసారి. కాకా అన్న పేరు తెర మీద వెలిగినప్పుడల్లా ఫోన్ బోర్లా తిప్పి పెట్టేదాన్ని. అర్జీ మంజూరు కానివ్వు, అప్పుడు ఆ కాగితం చేత పట్టుకుని పోదాం, అప్పుడు మొహం చెల్లుతుంది అనుకున్నాను. పిరికితనానికి కూడా ఏదో ఒక మంచి పేరు దొరుకుతుంది. నేను దానికి ఓపిక అని పేరు పెట్టుకున్నాను.

అర్జీ పెట్టిన పదో నెలలో మంజూరైంది. మీది మడుగు పరిశీలనకు అనుమతి, అదే పెద్దాయన, అదే ఫారం. ఈసారి పంచాయతీకి ఉత్తరం రాయలేదు. ఎవరికీ చెప్పకుండా తెల్లారేసరికి మొదటి బస్సు పట్టుకున్నాను.

కాకా ఇంటి ముందు వల అల్లుకుంటున్నాడు. లారీల చప్పుడు అక్కడికి వినిపిస్తోంది. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేచి, ఎన్నాళ్లకు వచ్చినవు బిడ్డా అన్నాడే కానీ ఇంకో మాట అనలేదు. చాయ్ తాగించాడు. మీది మడుగు చూడటానికి సార్లు వస్తున్నారు అని కాగితం చూపించగానే ఆయన మొహంలోకి పాత వెలుగు వచ్చింది.

“నాకెర్కే. వస్తరని నాకెర్కే,” అన్నాడు. “దా, చూపెడత.”

అరగంట నడిచాం. దారిలో ఆయన ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. కింది మడుగు పరిశీలనలో పాస్ కాలేదని సెక్రటరీ చెప్పాడట, జీపు దగ్గర నా మాటలు విని సార్లు ఈసారి మీది మడుగుకు వస్తారని కూడా. ఏం తక్కువైందో అని ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారట. నీళ్లడుగున కొన్ని మొద్దులు మిగిలిపోయినందుకే అయి ఉంటుందని తేలిందట. చెట్లు దాటగానే మీది మడుగు కనిపించింది.

అద్దంలా ఉంది. అడుగున ఇసుక కూడా కనిపిస్తోంది. ఒక్క మొద్దు లేదు, ఒక్క జమ్ము పుల్ల లేదు. ఒడ్డు పొడవునా గునపాలతో చెక్కి మెట్లలా చేశారు. బొరియలున్న చోట రాళ్లు పేర్చి సున్నం కొట్టారు.

“ఈడికి ట్రాక్టర్ రాదు గద బిడ్డా. మనుషులే గుంజిండ్రు. రెండు నెల్లు పట్టింది. ఈసారన్న పాసైతమా?”

నేను ఒడ్డు మీద కూర్చున్నాను. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. అప్పుడు చెప్పాను. కాకా, వాళ్లు చూడటానికి వచ్చింది ఆ మొద్దులనే. ఆ జమ్మునే. నువ్వు కడిగిన బండ మీది పెంటనే. అవి లేవనే కింది మడుగు పోయింది. ఆ రోజే నాకు తెలుసు, నీకు చెప్పలేదు. అంతా చెప్పాను, సంతకం సంగతి కూడా.

తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. తువ్వాల తీసి మొహం తుడుచుకుని, నా పక్కన కూర్చున్నాడు. గొంతులో కోపం లేదు.

“మీది మడుగు ముట్టాల్నా వద్దా అని అడుగుదామనే చేసిన బిడ్డా, అన్నిసార్లు ఫోను.”